తొలినాటి వలస ఇల్లాలు: ఆన్ బ్రాడ్‌స్ట్రీట్

ఇల్లు కాలిపోయినవారు మొదట దేనిని తలచుకొని దుఃఖింతురు? పోయిన ధనమునా, లేక ప్రతిదినము తాము కూర్చుండిన చోటునా?

1666వ సంవత్సరము జూలై 10వ తేదీ రాత్రి, అమెరికా తూర్పుతీరమున మసాచుసెట్స్ వలసరాజ్యములోని ఆండోవర్ గ్రామమున, ఒక గృహిణి పెద్ద చప్పుడునకు, ఆర్తనాదములకు ఉలికిపడి నిద్ర లేచెను. తానున్న ఇల్లే మండుచుండెను. ఆమె వెలుపలికి వచ్చి, ఇక చూడలేనంతవరకు ఆ మంటలను చూచుచు నిలిచెను. అప్పటికి ఆమెకు సుమారు 54 ఏండ్లు. ఎనమండుగురు బిడ్డల తల్లి. భర్త ఆ వలసరాజ్యమున పేరుగన్న న్యాయాధికారి. ఆ రాత్రిని గూర్చి ఆమె పిమ్మట ఒక పద్యము వ్రాసి తన కాగితములలో దాచుకొనెను. అది అచ్చువేయించుటకు వ్రాసినది కాదు, తన మనస్సును తాను కుదుటపరచుకొనుటకు వ్రాసినది. ఆ గృహిణి పేరు ఆన్ బ్రాడ్‌స్ట్రీట్.

ఆమె మతము ఆమెకు చిన్ననాటినుండి నేర్పిన పాఠమొకటి కలదు. ఈ లోకము బాటసారి ఒక రాత్రి తలదాచుకొను సత్రమువంటిది. దీనిలోని వస్తువులను వాడుకొనవచ్చును గాని వానికి మనస్సు కట్టివేయరాదు. ఆ పాఠమును నమ్మియే ఆమె పెద్దలు ఉన్న ఊరు విడిచి మహాసముద్రము దాటిరి. ఆమెయు నమ్మెను. కాని సత్రమని తెలిసియు దానిని ఇల్లుగా ప్రేమింపకుండ ఉండుట ఆమెకు జీవితాంతము సాధ్యము కాలేదు. ఈ పెనుగులాటను ఆమె దాచుకొనక వ్రాసిపెట్టినది గనుకనే, తొలినాటి ప్యూరిటన్ వలసవారి అంతరంగము నేడు మనకు కొంత తెలియుచున్నది. నేటి ప్రసంగమున మనము ఆమె వెంట కొంత దూరము నడచి చూతము.

ముందుగా ప్యూరిటనులనగా ఎవరో చెప్పుకొనవలెను. పదునారవ శతాబ్దమున ఇంగ్లండు రాజ్యము రోములోని పోపు అధికారమును త్రోసిపుచ్చి, రాజే శిరస్సుగా వేరొక క్రైస్తవ సంఘమును ఏర్పరచుకొనెను. అయినను పాత పూజావిధానములు, అర్చకుల ప్రత్యేక వస్త్రములు, బిషప్పుల పెత్తనము చాలవరకు నిలిచియే యుండెను. ఈ మిగిలిన వానిని కూడ తొలగించి సంఘమును పూర్తిగా శుద్ధిచేయవలెనని పట్టుపట్టినవారిని ఎగతాళిగా పిలిచిన పేరే ప్యూరిటన్ అనునది. శుద్ధి శుద్ధి యని వేధించువారని దాని భావము. వారిలోను రెండు తెగలుండిరి. 1620లో మేఫ్లవర్ అను ఓడపై వచ్చి ప్లిమత్‌లో దిగినవారు ఆ సంఘముతో పూర్తిగా తెగతెంపులు చేసికొనినవారు. ఆన్ కుటుంబమువారు అట్టివారు కారు. సంఘమును విడువక, దూరమున నుండియైనను దానిని బాగుచేసి చూపవలెననునది వారి ఆశయము.

1625లో మొదటి చార్లెస్ రాజు సింహాసనమెక్కిన పిమ్మట వీరికి గడ్డుదినములు వచ్చెను. వీరి బోధకులపై అధికారుల నిఘా పెరిగెను. 1629లో రాజు పార్లమెంటును రద్దుచేసి, తరువాత పదునొకండు సంవత్సరములు మరల పిలువనే లేదు. ఆ 1629 మార్చి నెలలోనే మసాచుసెట్స్ బే కంపెనీకి రాజశాసనము లభించెను. పేరునకు అది వర్తకసంఘము. కాని ఆ శాసనపత్రమును తమ వెంట తీసికొని సముద్రము దాటినచో తమ పాలన తమ చేతిలోనే యుండునని ఆ పెద్దలు గ్రహించిరి. జాన్ విన్‌త్రోప్ అను న్యాయవాది వారికి గవర్నరు. ఆయన ఉపాధిపతి థామస్ డడ్లీ. ఈ డడ్లీ కుమార్తెయే మన ఆన్.

ఆమె 1612 ప్రాంతమున ఇంగ్లండులోని నార్తాంప్టన్ పట్టణమున జన్మించెను. తండ్రి లింకన్ ఎర్ల్ అను ప్రభువు కొలువున దివానుగా నుండెను. ఆ కాలమున బాలికలకు చదువు అరుదు. కాని దివానుగారికి పుస్తకములనిన ప్రాణము. ప్రభువుగారి భవనమున పుస్తకములకు కొదువ లేదు. చరిత్ర, కావ్యము, వైద్యము, వేదాంతము, ఏది దొరకిన అది ఆ పిల్ల చదువుకొనెను. పదునారేండ్ల ప్రాయమున ఆమెకు మశూచి సోకెను. బ్రతికి బయటపడెను. ఆ పిమ్మట కొలది కాలమునకే, తండ్రి వద్ద సహాయకుడుగా పనిచేసిన సైమన్ బ్రాడ్‌స్ట్రీట్‌తో ఆమె వివాహము జరిగెను. అతడు కేంబ్రిడ్జిలోని ఇమాన్యుయేల్ కళాశాలలో చదివినవాడు, ఆమెకన్న ఎనిమిదేండ్లు పెద్ద. చదువు, సౌఖ్యము, మర్యాద గల ఇంట పెరిగిన ఆ యువతి, పెండ్లియైన రెండు సంవత్సరములకు ఓడ ఎక్కవలసివచ్చెను. తండ్రియు భర్తయు వెళ్లుచుండగా ఆమెను వేరుగా అడిగిన దెవరు?

ఆ ఓడ పేరు ఆర్బెల్లా. లింకన్ ప్రభువు సోదరియైన లేడీ ఆర్బెల్లా కూడ అందులోనే ప్రయాణము చేయుచుండెను గనుక ఆమె పేరే ఓడకు పెట్టిరి. 1630 ఏప్రిల్ 8న అది ఇంగ్లండు దక్షిణతీరము విడిచెను. విన్‌త్రోప్ నాయకత్వమున సాగిన ఆ ఓడల గుంపులో పదునొకండు ఓడలు, సుమారు 700 మంది జనము. ఉప్పు మాంసము, గట్టి రొట్టెబిళ్లలు, పీపాలలోని బీరు వారి ఆహారము. సముద్రపు చలికి, ఊపునకు పిల్లలు, బలహీనులు అడుగు గదులలో మూలుగుచు పడియుండిరి. ఒకనాడు పెద్దలు వారిని పైకి తెప్పించి, ఓడ వెనుకభాగమునుండి నడిమి స్తంభము వరకు ఒక త్రాడు కట్టించి, ఇరువైపుల వారిని నిలిపి ఒళ్లు వేడెక్కువరకు ఆ త్రాటిని పట్టుకొని ఊగించిరట. అంతట వారికి నెమ్మదించి ఉల్లాసము కలిగెనని విన్‌త్రోప్ తన దినచర్యలో వ్రాసికొనెను. మతముఖులై ఎన్నడును నవ్వనివారుగా మనము ఊహించుకొను ఆ ప్యూరిటనులు, ఓడపై త్రాడు పట్టుకొని ఊగులాడిన ఈ చిత్రము మరువదగినది కాదు.

65వ దినమున, జూన్ 12న, ఓడ సేలం రేవు చేరెను. తీరమున అడవి స్ట్రాబెరీ పండ్లు విరివిగా కాచియుండెను. జనము దిగి ఆశతో కోసికొని తినిరి. కాని సేలం గ్రామములోనికి అడుగుపెట్టగానే ఆ తీపి విరిగిపోయెను. వారికన్న ముందుగా వచ్చి స్థిరపడిన సుమారు 300 మందిలో 80 మందికి పైగా గడచిన చలికాలముననే చనిపోయియుండిరి. మిగిలినవారిలో పెక్కుమంది రోగులు. వారియొద్ద నున్న ధాన్యము రెండు వారములకైన చాలునట్లు లేదు. క్రొత్తగా వచ్చినవారు, కంపెనీ అంతకుముందే పంపియుండిన 180 మంది సేవకులలో మిగిలినవారికి తిండి పెట్టలేక, వారి ఒడంబడికలను రద్దుచేసి వదలివేయవలసివచ్చెను. దిగిన కొలది దినములకే గవర్నరు కుమారుడొకడు నీట మునిగి మరణించెను. ఓడకు తన పేరిచ్చిన లేడీ ఆర్బెల్లా రెండు మూడు నెలలైన బ్రతుకలేదు. ఆమె వెనుకనే ఆమె భర్తయు పోయెను. ఆ ఏప్రిల్ నుండి డిసెంబరు వరకు చనిపోయినవారు సుమారు 200 మంది యని డడ్లీ స్వదేశమునకు వ్రాసిన లేఖలో తెలిపెను. ఆ లేఖను ఆయన బల్లపై వ్రాయలేదు. చలిమంట ప్రక్కన కూర్చుండి మోకాలిపై కాగితము పెట్టుకొని వ్రాసెను. ఇంట ఇతరులు కూడ అదే మంటకు చేరియుండిరి. పదునెనిమిదేండ్ల ఆన్ అట్టి గదులలోనే ఆ చలికాలము గడపెనని మనము తలచుకొనవలెను.

ఆమె ఆ దేశమును చూచినప్పుడు ఏమనుకొనెను? చాల సంవత్సరముల పిమ్మట తన బిడ్డలకు వ్రాసిన లేఖలో ఆమె ఆ సంగతి దాచలేదు. క్రొత్త లోకము, క్రొత్త రీతులు చూచి తన గుండె ఎదురుతిరిగినదనియు, ఇది దైవమార్గమేయని మనస్సునకు నచ్చిన తరువాతనే లొంగి సంఘములో చేరితిననియు ఆమె అందులో ఒప్పుకొనెను. మొదట ఎదురుతిరుగుట, పిదప లొంగుట. ఈ రెండు మాటలు గుర్తుంచుకొందము. ఆమె జీవితమంతయు ఈ రెంటి నడుమనే నడచినది.

1631 ఫిబ్రవరిలో లయన్ అను ఓడ ఆహారపదార్థములతోను, నిమ్మరసముతోను వచ్చి చేరుటచే జనమునకు ప్రాణము లేచివచ్చెను. తాజా ఆహారము లేక చిగుళ్లు చెడి, ఒళ్లు వాచి మరణించు స్కర్వీ వ్యాధికి ఆ నిమ్మరసమే మందు. అటుపై మెల్లగా గ్రామములు వెలసెను. మొదట న్యూటౌన్, అనగా నేటి కేంబ్రిడ్జి; తరువాత ఇప్స్‌విచ్; 1640 దశకము నడుమ మరింత లోపలి అడవియైన ఆండోవర్. ప్రతిసారియు కట్టిన ఇల్లు విడిచి, అంతకన్న మారుమూల చోట మరల పొయ్యి వెలిగించుకొనుట ఆన్ వంతు వచ్చినది.

ఆ పొయ్యియే ఆ ఇండ్లకు ప్రాణము. ఒక గోడ నిండ పెద్ద అగ్గిగూడు. అందులోనే వంట, వెచ్చదనము, రాత్రివేళ వెలుతురు. ఆ అగ్గియే ఇంటికి శత్రువును. 1631లోనే, పొగగొట్టములు కొయ్యతో కట్టరాదనియు, కప్పులకు గడ్డి వేయరాదనియు న్యూటౌన్ పట్టణమునకు కట్టడి చేసిరి. ఇంటి ఇల్లాలికి తెల్లవారుజామునుండి చేతినిండ పని. మొక్కజొన్న దంచుట, రొట్టె కాల్చుట, బీరు కాచుట, పాలు పితికి వెన్న తీయుట, కొవ్వుతో వత్తులు పోయుట, ఉన్ని వడకుట, మందు మాకు చూచుట, పిల్లలకు అక్షరములు నేర్పుట. ఇంగ్లండున గోధుమ తిన్నవారు ఇచ్చట మొక్కజొన్నకు, గుమ్మడికాయకు, చేపలకు, ఆలిచిప్పలకు అలవాటుపడిరి. ఆదివారము పవిత్రదినము, అది శనివారము ప్రొద్దుగ్రుంకుటతోనే మొదలగును. ఆనాడు పని లేదు, ఆట లేదు. ప్రార్థనామందిరమున పురుషులొక ప్రక్క, స్త్రీలొక ప్రక్క కూర్చుండి, ఉదయమొకటి మధ్యాహ్నమొకటి దీర్ఘమైన ప్రసంగములు వినవలెను. క్రిస్మస్ పండుగ బైబిలులో లేదను కారణమున, దానిని జరుపుకొనువారికి 1659లో ఐదు షిల్లింగుల జుల్మానా విధించిరి. అయితే అదే ప్రభుత్వము 1642లో ప్రతి బిడ్డకు చదువు వచ్చునట్లు పెద్దలు చూడవలెననియు, 1647లో 50 కుటుంబములున్న ప్రతి ఊరు ఒక ఉపాధ్యాయుని పెట్టుకొనవలెననియు శాసించినది. బైబిలు చదువలేనివాడు దయ్యమునకు సులభముగా చిక్కునని వారి భయము.

ఒక సంగతి చెప్పక విడిచినచో ఈ చిత్రము అసత్యమగును. వారు అడవియని పిలిచిన ఆ నేల ఎవ్వరును లేని నేల కాదు. మసాచుసెట్ మున్నగు జాతులవారు తరతరములుగా అచ్చట మొక్కజొన్న పండించుకొనుచుండిరి. 1616 మొదలు 1619 వరకు, ఐరోపావారి రాకపోకలతో వచ్చిన మహమ్మారి ఆ తీరపు పల్లెలను ఊడ్చివేసెను. 1633లో మశూచి మరల విజృంభించెను. వలసవారికి సిద్ధముగా దొరకిన పొలములు పెక్కు, ఆ చనిపోయినవారు అడవి నరికి చదును చేసికొన్నవే. ఇప్స్‌విచ్ భూమిపై తన హక్కును మాస్కొనోమెట్ అను నాయకుడు 1638లో 20 పౌనులకు వ్రాసియిచ్చెను. ఆండోవర్ నేలకు కట్షమాకి అను నాయకునకు ముట్టినది 6 పౌనులు, ఒక కోటు. 1646లో వలసరాజ్యపు సభ ఆ విక్రయమును స్థిరపరచెను. తన పసి మనుమల మరణమునకు అంతగా తల్లడిల్లిన వంశపు తల్లి రచనలలో, ఆ నేలపై మరణించిన ఆ పరజాతి పసివాండ్ర ఊసు మనకు కానరాదు. ఆమె చూపునకు అదియొక హద్దు. ఆ కాలపు వలసవారిలో ఆ హద్దు దాటినవారు చాల కొద్దిమంది.

ఇంత పని నడుమ ఆమె పద్యములు వ్రాయుచుండెను. ఆ ఊళ్లలో స్త్రీ కలము పట్టుట ఎంత జాగ్రత్తతో కూడిన పనియో తెలియవలెననిన మూడు సంగతులు చాలును. బోస్టన్‌లో ఆన్ హచిన్‌సన్ అను విదుషి తన ఇంట జనమును చేర్చి బోధకుల ప్రసంగములను విమర్శించి చెప్పుచుండెను. 1637 నవంబరులో ఆమెను న్యాయస్థానమున నిలిపి, వలసరాజ్యమునుండి వెడలగొట్టిరి. ఆ న్యాయాధికారులలో మన ఆన్ తండ్రియు, భర్తయు కూడ ఉండిరి. 1645లో కనెక్టికట్ గవర్నరు భార్య మతి తప్పగా, ఆమె ఇంటిపని విడిచి చదువునకు, వ్రాతకు దిగుటయే దానికి కారణమని విన్‌త్రోప్ తన దినచర్యలో వ్రాసెను. 1647లో ఆన్ స్వంత చెల్లెలు సారాను బోస్టన్ సంఘము వెలివేసెను. స్త్రీపురుషులున్న సభలలో ఆమె మతబోధ చేసెననునది ఆమెపై వచ్చిన ఆరోపణలలో ఒకటి. ఇట్టి కాలమున, ఇట్టి ఇంట, ఆన్ కాగితము ముందు కూర్చుండెను.

ఆమె కోపము తెచ్చుకొనలేదు, చిరునవ్వుతో పొడిచెను. తన చేతికి కలముకన్న సూది తగునని పలుకు నోళ్లు కలవనియు, ఒకవేళ పద్యము బాగున్నచో అది దొంగిలించినదనియో, కాకతాళీయమనియో అందురనియు ఆమె తన గ్రంథపీఠికలో వ్రాసెను. మరణించిన ఎలిజబెతు రాణిని కీర్తించు పద్యమున, స్త్రీకి బుద్ధి తక్కువయను మాట నేడు అపనింద మాత్రమే, ఆ రాణి బ్రతికియున్న నాడు రాజద్రోహమై యుండెడిదని చమత్కరించెను.

ఈ పద్యములను బంధువులు చేతివ్రాతలో చదువుకొనుచుండిరి. 1647లో ఆమె మరది వరుసయగు జాన్ వుడ్‌బ్రిడ్జి ఇంగ్లండు వెళ్లుచు ఒక ప్రతిని వెంట తీసికొని పోయెను. 1650లో లండనులో అది పుస్తకముగా వెలువడెను. గ్రీకుల పురాణములలో కళలకు అధిదేవతలు తొమ్మండుగురు; ఈమె పదియవ దేవతయని ఆ పుస్తకమునకు పేరు పెట్టిరి. ఇంగ్లీషు వలసలలో నివసించువారి పద్యసంపుటములలో ముందుగా ప్రకటితమైనది ఇదియేయని సాహిత్యచరిత్రలు చెప్పుచున్నవి. నిద్ర తగ్గించుకొని, విరామవేళల వ్రాసినదే గాని ఇంటిపని మాని వ్రాసినది కాదని వుడ్‌బ్రిడ్జి తన ముందుమాటలో పాఠకులకు హామీ ఇచ్చెను. ఆ హామీ అవసరమైన దనుటయే ఆ కాలమును మనకు చెప్పుచున్నది. ఆన్ మాత్రము ఆ అచ్చుప్రతిని చూచి, చిరుగుల బట్టతో వీధిలోనికి వెళ్లిన తన బిడ్డను చూచిన తల్లివలె సిగ్గుపడెను. ముఖము తుడిచి, కాళ్లు సరిచేసి, ఆ బిడ్డను దిద్దుటకు పూనుకొనెను.

ఆ పుస్తకములోనివి చాలవరకు పాండిత్యపు పద్యములు: పంచభూతములవంటి తత్త్వములు నాలుగు, ఋతువులు నాలుగు, ప్రాచీన సామ్రాజ్యములు నాలుగు. నేడు జనము ప్రీతితో చదువునవి అవి కావు. ఆమె అచ్చుకొరకు గాక ఇంటికొరకు వ్రాసికొన్నవి. పెండ్లియైన కొన్ని యేండ్లవరకు ఆమెకు సంతానము కలుగలేదు. అది ఆమెకు పెద్ద దుఃఖము. 1633 ప్రాంతమున మొదటి కుమారుడు సామ్యూల్ పుట్టెను. పిమ్మట నలుగురు కుమారులు, నలుగురు కుమార్తెలుగా ఇల్లు నిండెను. ఆ కాలమున ప్రతి కాన్పును స్త్రీకి చావుతో ముఖాముఖియే. ఒక కాన్పునకు ముందు, తాను బ్రతుకకపోవచ్చునని తలచి భర్తకు ఒక పద్యలేఖ వ్రాసెను. తన తప్పులు మరచిపొమ్మని, మంచి యేమైన ఉన్నచో తలచుకొమ్మని, బిడ్డలను సవతితల్లి బాధపడకుండ కాపాడుమని అందులో వేడుకొనెను. ఈ వేడుకోలు విన్నప్పుడు, మూడు వందల యేండ్లకు మించిన దూరమున నున్న ఆ ఇల్లాలు మన పొరుగింటి ఆమెవలె తోచును.

భర్త ప్రభుత్వకార్యములపై తరచు బోస్టన్ వెళ్లుచుండెను. 1662లో ఇంగ్లండుకే రాయబారిగా వెళ్లెను. అతడు లేని ఇంటిని ఆమె, సూర్యుడు దూరమైన శీతకాలముతో పోల్చెను. ఆ సైమన్ బ్రాడ్‌స్ట్రీట్ ఇంట ప్రేమగల భర్తయే. కాని 1659 మొదలు 1661 వరకు బోస్టన్‌లో నలుగురు క్వేకరు మతస్థులను ఉరితీసిన ప్రభుత్వమున అతడును ఒకడు. తమ మతస్వేచ్ఛకై సముద్రము దాటినవారు ఇతరుల మతస్వేచ్ఛను సహింపలేదు. ఈ రెండు ముఖములు ఒక్క మనుష్యునివే.

ఆన్ మాత్రము తన సందేహములకే ఎక్కువ భయపడెను. బిడ్డలకు వ్రాసిన లేఖలో ఆమె చెప్పిన మాటలు ఆ కాలపు తల్లి నోట వినుట ఆశ్చర్యము. దేవుడున్నాడా యను సంశయము తనకు పలుమారు కలిగినదనియు, తాను అద్భుతము లేవియు కన్నులార చూడలేదనియు, ఉన్నను తాము నిందించు పోపు మతమే నిజమెందుకు కాకూడదను ఆలోచన వచ్చినదనియు ఆమె వ్రాసెను. చివరకు ప్రకృతిలోని క్రమమును చూచి నమ్మకము నిలుపుకొంటినని చెప్పెను. దీనిని ఆమె సంఘమునకు చెప్పలేదు. తాను పోయిన తరువాత తన బిడ్డలకు ఉపయోగించునని వ్రాసి ఉంచెను. సందేహము కలిగినంత మాత్రమున చెడిపోయితిమని వారు భయపడకూడదనునది ఆ తల్లి కోరిక.

1664లో తన కుమారుడు సైమన్ కొరకు ఆమె చిన్న చిన్న వచన చింతనలు వ్రాసియిచ్చెను. అందులో ఒకటి మన ఇండ్లలోని తల్లులకు వెంటనే అర్థమగును. కొందరు పిల్లలు పాలు ఒక పట్టాన మానరు. మన యిండ్లలో తల్లులు రొమ్మునకు వేపాకు పూయుదురు. అచ్చటివారు చేదుమొక్క రసమో, ఆవాల ముద్దయో పూయుదురు. కొందరు పిల్లలు దానిని తుడిచివేసి త్రాగుదురు. మరికొందరు ఆ చేదును తీపితో కలిపియే మ్రింగుదురు. దేవుడు ఈ లోకముపై ఎంత చేదు పూసినను దీనిని విడువలేని మనుష్యులు అట్టివారేయని ఆమె భావము. ఆమె ఎవరినో గూర్చి చెప్పుచున్నట్లు వ్రాసెను గాని, ఆ పాలు మానని బిడ్డ తానే.

రెండేండ్లకే ఆ చేదు మంటల రూపమున వచ్చెను. ఆ జూలై రాత్రి ఇంటితో పాటు పుస్తకములు, బట్టలు, ఆమె వ్రాసి ముగింపని రోము సామ్రాజ్య చరిత్ర పద్యముల కాగితములు కాలిపోయెను. ఇచ్చినవాడే తీసికొనెను, అది తనది కాదు, అని మొదట మనస్సునకు చెప్పుకొనెను. అంతటితో పద్యము ముగిసియుండినచో అది మంచి ఉపదేశముగా మిగిలెడిది. కాని ఆమె ముగింపలేదు. ఆ శిథిలముల ప్రక్కగా నడచినపుడెల్ల తన చూపు అటే పోవుచున్నదని వ్రాసెను. ఇచ్చట పెట్టె యుండెడిది, అచ్చట తాను కూర్చుండెడిదానను. ఇక ఆ కప్పు క్రింద అతిథి భోజనము చేయడు, దీపము వెలుగదు, పెండ్లికొడుకు గొంతు వినబడదు. ఇట్లు ఒక్కొక్కటిగా తలచుకొని, అప్పుడు తన్ను తాను మందలించుకొని, పరలోకమున కాలని ఇల్లొకటి కలదని తెప్పరిల్లెను. మొదట ఎదురుతిరుగుట, పిదప లొంగుట.

చేదు అంతటితో ఆగలేదు. పెద్దకుమారుడు సామ్యూల్ బిడ్డలు వరుసగా పోయిరి. 1665లో ఎలిజబెత్, ఏడాదిన్నర పిల్ల. 1669 జూన్‌లో తన పేరే పెట్టిన ఆన్, మూడున్నరేండ్లు దాటిన పిల్ల. అదే యేడు నవంబరులో నెల నిండి ఒక్క దినమైన సైమన్. 1670 సెప్టెంబరులో వారి తల్లి, 28వ ఏట నున్న కోడలు. ప్రతి మరణమునకు నాయనమ్మ పద్యము వ్రాసెను. ప్రతి పద్యమునను దైవము మంచివాడని చెప్పుకొనెను. కాని నెల బిడ్డను గూర్చిన పద్యములో ఆ మాట నమ్మినదాని గొంతువలె గాక, నమ్మవలెనని పండ్లు బిగించి పలికినదాని గొంతువలె వినబడును. పండ్లును కాయలును పండిన పిదప రాలుట సహజమే, క్రొత్తగా నాటిన మొలకను పెరుకుట యేమి న్యాయము అను ప్రశ్న ఆ నాయనమ్మది.

1672 సెప్టెంబరు 16న, దీర్ఘవ్యాధితో ఎముకలగూడై, ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ ఆండోవర్‌లో మరణించెను. తల్లి కడపటి దినములను గూర్చి కుమారుడు సైమన్ తన దినచర్యలో వ్రాసికొని, ఆ సమయమున దగ్గర లేకపోతినని విచారించెను. ఆమె సమాధి ఎచ్చటనున్నదో నిశ్చయముగా తెలియదు. ఆమె దిద్దుకొన్న పద్యములు 1678లో బోస్టన్‌లో రెండవ కూర్పుగా వెలువడెను. ఇల్లు కాలిన రాత్రి పద్యము, బిడ్డలకు వ్రాసిన లేఖ, ఆ చింతనలు మాత్రము కుటుంబమువారి చేతులలో తరతరములు నిలిచి, 1867లో గాని సమగ్రముగా అచ్చుకాలేదు. ఆ మధ్య భర్త మసాచుసెట్స్ గవర్నరై, 93 ఏండ్లు జీవించి 1697లో మరణించెను. ఆయన శాసనములు నేడు చరిత్రపరిశోధకులే చదువుదురు. ఆమె వంటింటి వెలుతురున వ్రాసికొన్న కాగితములు పాఠశాలల పిల్లలు కూడ చదువుచున్నారు.

మహావలసల చరిత్ర చెప్పునపుడు మనము ఓడలను, శాసనములను, గవర్నరులను లెక్కపెట్టుదుము. వానితోపాటు ప్రతి ఓడలోను, తన్ను ఎవ్వరును అడుగకయే ఎక్కిన ఒక ఇల్లాలు ఉండెనని, దిగినచోట పొయ్యి వెలిగించినది ఆమెయేనని గుర్తుంచుకొనుట న్యాయము. ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ తన మతమును విడువలేదు, తన ఇంటిపై మమకారమును విడువలేదు. రెండును ఒకదానితో నొకటి పొసగవని తెలిసియు రెంటిని మోసికొనియే నడచెను. ఇల్లు కాలినవారు దేనిని తలచుకొని దుఃఖింతురని మొదట ప్రశ్నించుకొంటిమి. ఆమె ఇచ్చిన సమాధానము ఇది: పెట్టె యున్న మూల, తాను కూర్చుండిన చోటు, దీపము వెలిగిన వేళ. అంత చిన్న వస్తువులను అంతగా ప్రేమించుట తప్పని ఆమెకు బోధించినవారు కలరు. ఆమె వారి మాట విన్నది, అయినను తిరిగి చూచినది. ఆ తిరిగి చూచినందులకే మనము ఆమెకు కృతజ్ఞులము.